ఉక్కును నమ్మని శారదమ్మ

శారదమ్మ మనుషుల్ని ఒక పట్టాన నమ్మదు. ఉక్కునైతే అసలే నమ్మదు.

చందానగర్‌లో ముంబై హైవే నుంచి రైలు పట్టాల వైపు దిగే సందులో, టైర్ల కొట్టు పక్కన ఆమె రేకుల షెడ్డు ఉంది. లోపల ఒక కొలిమి, కాల్చిన ఇనుము పెట్టి కొట్టే దాగలి, గోడకు వరసగా తగిలించిన పట్టకార్లు, ఒక మోటారు సుత్తి, సానరాయి. అక్కడ ఆమె కత్తులు చేస్తుంది. మాంసం కొట్లకు, హోటళ్ళకు, కేటరింగు వంటశాలలకు, ఈమధ్య శని ఆదివారాల్లో సరదాగా వంట చేసే సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళకు కూడా. వచ్చిన ప్రతి కుర్రాడూ ఫోనులో ఏదో ఫోటో చూపించి, "ఇది ఏ స్టీల్ ఆంటీ?" అని అడుగుతాడు. "పేరుతో నాకేం పని నాయనా, కావాలంటే గుణం చెప్తా," అంటుంది.

ఆమె, భర్త పెద్దన్న ప్రొద్దుటూరు దగ్గరి పల్లె నుంచి వచ్చి పాతికేళ్ళు దాటింది. అప్పట్లో ఇక్కడ వాళ్ళను కత్తులు అడిగినవాళ్ళు లేరు. మాదాపూర్ చుట్టుపక్కల గుట్టలు పగలగొడుతున్న రోజులవి. రాళ్ళు కొట్టేవాళ్ళ ఉలులు సాయంత్రానికల్లా మొద్దుబారేవి. పెద్దన్న వాటిని కొలిమిలో పెట్టి మొన తీసేవాడు, శారదమ్మ ఎదురు నిలబడి సమ్మెట వేసేది. ఇప్పుడు అద్దాల మేడలు నిలబడ్డ చోట సగం పునాదులకు దారి చేసిన ఉలులు తమ చేతుల మీదుగానే పోయాయని ఆమె అంటుంది. తర్వాత యంత్రాలు వచ్చి ఉలుల పని పోయింది. పెద్దన్న కత్తులకు మళ్ళాడు. పదకొండేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం గుండెపోటుతో పోయాడు. ఊరికి వచ్చేయమని బంధువులు అన్నారు. శారదమ్మ వెళ్ళలేదు. సమ్మెట వేసిన చెయ్యి పెద్దన్న చిన్న సుత్తి పట్టుకుంది.

ఆయన పోయిన రెండో నెలలో ఆమె ఒంటరిగా చేసిన మొదటి కత్తి లింగంపల్లిలో ఒక మాంసం కొట్టుకు వెళ్ళింది. నాలుగో రోజు ఆమె అటుగా పోతుంటే కొట్టువాడు పిలిచి చూపించాడు. ఎముక మీద పడిన ఒక్క దెబ్బకు అంచు అరిటాకులా మడతపడిపోయింది. లారీ చక్రాల మీద బరువు మోసే కమాను పట్టీ అని చెప్పి ఎవడో పాతసామాను వాడు ఆమెకు మామూలు గేటు ఇనుము అంటగట్టాడు. మాంసం కోసం నిలబడ్డ నలుగురూ నవ్వారు. "ఆడమనిషి చేసిన కత్తి గదా," అని ఒకడు అన్నాడు. ఆమె కత్తి తీసుకుని కొంగులో చుట్టుకుని ఇంటికొచ్చింది. ఆ రాత్రి అన్నం తినలేదు.

ఆ రోజు నుంచి పరీక్ష కాని ముక్క ఆమె కొలిమిలోకి పోలేదు. ముందు సానరాయికి ఆనించి రవ్వలు చూస్తుంది. మామూలు ఇనుమైతే రవ్వ చీపురుపుల్లలా నిటారుగా పోయి ఆరిపోతుంది. ఉక్కైతే చివర పువ్వులా విచ్చుకుంటుంది. స్టెయిన్‌లెస్ రవ్వ పొట్టిగా, ఎర్రగా, బద్ధకంగా పడుతుంది. అది తన కొలిమికి లొంగదని తెలుసు గనక పక్కన పెట్టేస్తుంది. రవ్వ బాగుంటే ముక్కను తాడుకు వేలాడదీసి సుత్తితో తడుతుంది. ఖంగుమంటే సరే, బొంగురుపోతే లోపల చీలిక ఉన్నట్టు. ఏళ్ళ తరబడి బరువు మోసిన పట్టీ పైకి నున్నగా ఉన్నా లోపల అలిసిపోయి ఉండొచ్చు. అందుకని కిరసనాయిలు రాసి, తుడిచి, సుద్దపొడి కూడా చల్లుతుంది. చీలిక ఉంటే కాసేపటికి సుద్ద మీద వెంట్రుకంత గీత తేలుతుంది. అన్నీ అయ్యాక ఒక చిన్న ముక్క కోసి, కాల్చి, నూనెలో ముంచి, విరగ్గొట్టి, విరిగిన చోటు ఎండలో పెట్టి చూస్తుంది. బూడిదరంగు పట్టుగుడ్డలా సన్నగా ఉంటే మంచిది. చక్కెర పలుకుల్లా మెరిస్తే అది పెళుసు.

ఇంత చాదస్తానికి ఓర్చుకున్న పాతసామాను వ్యాపారి భవాని ఒక్కతే. రామచంద్రాపురం దాటాక హైవే పక్కన ఆమెకు పెద్ద ఆవరణ ఉంది. కాలం చెల్లిన లారీలను అక్కడ విప్పి ముక్కలుగా అమ్ముతుంది. శారదమ్మ వెళ్ళినప్పుడల్లా సానయంత్రం దగ్గరకు స్టూలు వేయించి, "మా బావను గూడ గిట్లనే రాయికి గీకి చూసినంకనే చేసుకున్నవా అక్కా?" అని ఏడిపించేది. శారదమ్మ నవ్వేది కాదు, ముక్క తర్వాత ముక్క గీకుతూనే ఉండేది. పదకొండేళ్ళలో భవాని సరుకు ఒక్కసారి కూడా మోసం చేయలేదు. అయినా పరీక్ష మానలేదు.

మొన్న వేసవి మొదట్లో రత్నమాల పదమూడు కత్తులు చేయించుకుంది. ఆవిడది భీమవరం వైపు. నల్లగండ్లలో వంటశాల నడుపుతుంది, హైటెక్ సిటీ ఆఫీసులకు మధ్యాహ్నం భోజనాలు పంపుతుంది. కత్తులు తీసుకెళ్ళిన మూడో వారంలో అన్నిటినీ ఒక తువ్వాలులో చుట్టి తెచ్చి శారదమ్మ బల్ల మీద విప్పింది.

"చూడండి శారదమ్మగారూ," అంది.

పదమూడింటిలో తొమ్మిదింటి అంచు ఊడి ఉంది. ఎలుక కొరికినట్టు, అక్కడక్కడా నెలవంకల్లా చిన్న చిన్న గాట్లు.

"నిన్న దొండకాయలు తరుగుతుంటే ముక్క విరిగి వేపుడులో పడిందండి. మా వంటావిడ చూసింది కాబట్టి సరిపోయింది. చూడకపోతే ఏ ఆఫీసులోనో ఎవరి పంటి కిందో తేలేదండి. నా కొంప మునిగేది."

శారదమ్మ ఒక కత్తిని తిప్పి తిప్పి చూసింది. "గ్రానైటు బండ మీద తరిగినారా?"

"లేదండి. అన్నీ చెక్క పీటలే."

"ఐసు గడ్డ కట్టిన మాంసం కొట్టినారా? డబ్బా మూతలు తీసినారా?"

"మాది శాకాహారం వంటశాలండి," అంది రత్నమాల.

శారదమ్మ నమ్మలేదు. మర్నాడు ఉదయం ఎనిమిదింటికి చెప్పాపెట్టకుండా నల్లగండ్ల వంటశాలకు వెళ్ళి, తలుపు దగ్గర నిలబడి, ఎవరు దేని మీద తరుగుతున్నారో చూసింది. చెక్క పీటలే. వాటి మీద గాట్లు కూడా సమంగా, మెత్తగా ఉన్నాయి. మూల బల్ల కింద వంగి చూసింది, అక్కడ బండముక్క ఏదైనా దాచారేమోనని. ఏమీ లేదు. వెనక్కి తిరిగేసరికి రత్నమాల నిలబడి ఉంది.

"దొంగని పట్టుకోడానికి వచ్చినట్టు వచ్చారేంటండీ?" అంది. "నేను డబ్బులు వెనక్కి అడగలేదు కదా. మంచి కత్తులు అడిగాను, అంతే కదండీ."

శారదమ్మ షెడ్డుకు వచ్చి తిరిగొచ్చిన కత్తుల్లో ఒకదాన్ని దాగలి అంచున పెట్టి విరగ్గొట్టింది. విరిగిన చోటు వాకిట్లో ఎండకు పట్టింది. చక్కెర పలుకులు. ఇంకో కత్తి విరిచింది. అదీ అంతే.

ఈ పదమూడూ ఒకే లారీ పట్టీలతో చేసినవి. ఆ లారీ భవాని దగ్గరిది. కొనేముందు రవ్వ చూసింది, మోగించింది, సుద్ద చల్లింది. ఒక్కటే చేయలేదు: ఆ వారం తొందరలో ఉండి ముక్క విరిచి చూడలేదు. రవ్వ చూసిన పట్టీలు వేరు, తూకమయ్యాక ఆటోలో పడ్డవి వేరు అయి ఉండాలి. ఇన్నేళ్ళు నిజాయితీగా ఉన్నది ఈ ఒక్క రోజు కోసమే కాబోలు అనుకుంది. అనుకున్న కొద్దీ అది నిజంలాగే అనిపించింది. పోయినసారి తూకం దగ్గర భవాని ఎందుకు అంత హడావిడి పడింది? ఎప్పుడూ లేనిది టీ ఎందుకు తెప్పించింది?

పన్నెండు గంటల ఎండలో ఆమె భవాని ఆవరణకు వెళ్ళింది. లారీ విప్పుతున్న కూలీలు, కొనడానికి వచ్చిన ఇద్దరు మెకానిక్కులు, తూకం దగ్గర భవాని. అందరి ముందూ విరిగిన కత్తిముక్కలు తూకం మీద పడేసింది.

"చూపించేది ఒక సరుకు, ఇచ్చేది ఒక సరుకా? నా కళ్ళ ముందర తూకం వేసి, నేను తల తిప్పినాక మార్చినావు గదా?"

భవాని ముక్కల వైపు చూసింది, ఆమె వైపు చూసింది. "ఏందక్కా గిట్ల మాట్లాడుతున్నవ్? రవ్వలు జూసింది నువ్వే. మోగిచ్చింది నువ్వే. నేనేం మార్చిన?"

"నువ్వు కాకపోతే నీ మనుషులు. ఒకే లారీవి అని నువ్వే అంటివి."

"పదకొండేండ్లల్ల ఒక్క ముక్క తప్పు ఇచ్చిన్నా? జెప్పు."

"ఇంతకుముందు ఇచ్చినా నాకేం తెలుసు? ఇప్పుడు దొరికింది."

కూలీలు పని ఆపేశారు. భవాని గొంతు ఏమాత్రం పెంచలేదు. "ఇగ నా దుకాణం కాడికి రాకు," అంది. అని కాంటా మీది ముక్కలు ఏరి శారదమ్మ సంచిలో తనే వేసింది.

తర్వాత నెల రోజులు శారదమ్మ ఇంకో ఉక్కు కోసం తిరిగింది. భవాని మీద కోపమైతే తీర్చుకుంది గానీ కత్తి మాత్రం కుదరలేదు. పటాన్‌చెరు వైపు నుంచి పెద్ద బేరింగు గుండ్లు తెచ్చింది. రవ్వ గుబురుగా పూసింది, చూడముచ్చటగా. ఆ కత్తి నూనెలోంచి తీస్తుండగానే చీలిపోయింది. ఇనుము రాకి రాకి అరిగిపోయిన ఆకురాళ్ళు తెచ్చింది. పాతకాలపు ఆకురాయి కంటే నికార్సైన ఉక్కు ఉండదని పెద్దన్న అనేవాడు. వాటితో చేసిన కత్తి వంకాయకు కూడా అంచు వదిలింది. ఒక కోతమిల్లు నుంచి పెద్ద రంపం రేకు తెచ్చింది. చివరికి ఎన్నడూ లేనిది, ఒక దుకాణానికి పోయి రకం రాసిన కాగితంతో సహా కొత్త ఉక్కు పట్టీ కొన్నది. దేన్ని విరిచినా అవే చక్కెర పలుకులు.

అప్పుడు నూనెను అనుమానించింది. పక్క సందు మెకానిక్కు ఇచ్చే నూనెలో నీళ్ళు కలిశాయని డ్రమ్ము మొత్తం పారబోసి కొత్తది నింపింది. బొగ్గును అనుమానించి బొగ్గు మార్చింది. తర్వాత ఇంకెవరో తను లేనప్పుడు షెడ్డులోకి వస్తున్నారని తోచింది. కోసి పెట్టిన ప్రతి ముక్క మీదా తన గుర్తు కొట్టింది. తాళం వేశాక గొళ్ళేనికి నల్లదారం చుట్టి, పొద్దున దారం తెగిందేమో చూసేది. దారం ఎప్పుడూ తెగలేదు. తెలివిగా మళ్ళీ కట్టేస్తున్నారేమో అనుకునేది. టైర్ల కొట్టు అతను పలకరిస్తే, ఎందుకు పలకరించాడా అని ఆలోచించేది.

కూతురు స్వాతి నల్లగండ్లలోనే ఉంటుంది. హైటెక్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ పని. ఎవరో రాసిన ప్రోగ్రాములో తప్పు ఎక్కడుందో వెతకడం ఆమె ఉద్యోగం. ఒక శనివారం తల్లికి పెరుగన్నం, ఆవకాయ తెచ్చి, షెడ్డు మూలన గుట్టగా పడున్న విరిగిన కత్తులు చూసి ఆగిపోయింది.

"ఇవన్నీ ఏంటమ్మా?"

శారదమ్మ చెప్పింది. భవాని గురించి, బేరింగు గురించి, నూనె గురించి, దారం గురించి. దారం మాట వినగానే స్వాతి ముఖం మారింది. అయినా చివరిదాకా విన్నది.

"ఉక్కు ఐదు రకాలు మార్చావు. నూనె మార్చావు, బొగ్గు మార్చావు," అంది. "పెళుసు తీయడానికి రెండోసారి సన్నగా కాల్చేది నేను కొనిచ్చిన ఓవెన్లోనే. దాని వేడి నేనే చెక్ చేశాను, సరిగానే ఉంది. మరి ఇన్నిటిలో మారనిది ఏముందమ్మా?"

"ఏముండాది? కొలిమి ఉండాది, దాగలి ఉండాది. నేనుండా," అంది శారదమ్మ. అని చేతిలో ముద్ద అలాగే పెట్టుకుని కూతురి వైపు చూసింది.

స్వాతి, "కాల్చేటప్పుడు వేడి సరిపోయిందని నీకు ఎలా తెలుస్తుంది?" అని అడిగింది.

"రంగు చూసి. పండిన రేగిపండు ఎరుపు రావాల. అది రాంగానే నూనెలో ముంచాల. అంతకంటే తక్కువ కాగితే గట్టి పడదు, ఎక్కువ కాగితే లోపల పలుకు కడతాది. నీకు చిన్నప్పుడే చెప్పినా గదా."

పాతసామాన్లలో ఒక స్పీకరు అయస్కాంతం ఉంటే స్వాతి దాన్ని ఇనపకడ్డీకి తీగతో కట్టింది. ఉక్కుకు సరైన వేడి తగిలినప్పుడు అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుందని ఎక్కడో చూసిందట. "మీ నాయన అయస్కాంతం పట్టుకోని కత్తులు చేసినాడా?" అని శారదమ్మ మూతి తిప్పింది. అయినా భవాని పట్టీల్లో మిగిలినదాని నుంచి ఒకే రకం ముక్కలు రెండు కోసింది. రంగు తెలియడానికి ఎప్పటిలాగే గుమ్మానికి గోనెసంచి దించి షెడ్డు చీకటి చేసింది. మొదటి ముక్క నిప్పుల్లో పెట్టి బ్లోయరు తిప్పింది.

స్వాతి కాసేపటికోసారి అయస్కాంతం ఆనిస్తోంది. మొదట టక్కున అంటుకుంది. తర్వాత కొంచెం వదులుగా. తర్వాత జారిపోయింది.

"వదిలేసిందమ్మా. ముంచేయ్."

"ముంచేదేంది? ఇంకా నల్లగానే ఉండాది. కాలనీ."

"నల్లగా ఉందా?" స్వాతి తల్లి ముఖంలోకి చూసింది. "అమ్మా, అది ఎర్రగా ఉంది. నువ్వు చెప్పే రేగిపండు అదే."

"నాకు చెప్తావా రంగు?"

"సరే, ఇది నా ముక్క. నేను చెప్పినప్పుడు ముంచు. రెండోది నీ ఇష్టం."

శారదమ్మ విసుక్కుంటూ మొదటి ముక్క నూనెలో ముంచింది. రెండోది పెట్టింది. ఈసారి స్వాతి నోరు విప్పలేదు. అయస్కాంతం వదిలేశాక కూడా కొలిమి మండుతూనే ఉంది. ముక్క ఎరుపు దాటింది, పండిన బొప్పాయి రంగుకు వచ్చింది, ఇంకా తెల్లబడుతోంది. స్వాతి కళ్ళు చిట్లించుకుంది. అప్పుడు శారదమ్మ, "ఇప్పుడు వచ్చింది రేగిపండు," అని పట్టకారుతో తీసి ముంచింది.

రెండూ చల్లారాక ఆమే దాగలి మీద విరిచి, గోనెసంచి తీసి వెలుగులో చూసింది. మొదటిది బూడిదరంగు పట్టు. రెండోది చక్కెర.

రెండు ముక్కలూ బల్ల మీద పెట్టింది. నోట వేరే మాట వచ్చింది. "షెడ్డు మూసేసి నీ ఫ్లాటుకు రమ్మని రెండేళ్ళుగా అంటాండావు. ఇప్పుడు నా కండ్ల మీద పెడతాండావా? ముక్కల్లో ఏమన్నా తేడా చేసినావా?"

స్వాతి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ముక్కలు కోసింది నువ్వు. గుర్తు కొట్టింది నువ్వు. నన్ను నమ్మకపోతే పోనీ, నన్ను బయటికి పంపి నువ్వే చెయ్."

శారదమ్మ నిజంగానే కూతుర్ని బయటికి పంపింది. గడియ కూడా పెట్టుకుంది. అదే పట్టీ నుంచి ఇంకో నాలుగు ముక్కలు కోసి, ఒక చేత్తో పట్టకారు, ఒక చేత్తో అయస్కాంతం పట్టుకుని ఒక్కొక్కటే కాల్చింది. నాలుగుసార్లూ అయస్కాంతం వదిలినప్పుడు ఆమె కంటికి ముక్క మసినలుపుగానే కనబడింది. రెండు అప్పుడే ముంచింది, రెండు తన కంటికి రంగు వచ్చాక ముంచింది. విరిచింది. పట్టు, పట్టు. చక్కెర, చక్కెర. కోతమిల్లు రేకు తీసి మళ్ళీ చేసింది. ఆకురాయితో మళ్ళీ చేసింది. తప్పు పట్టడానికి ఎక్కడా సందు దొరకలేదు.

గడియ తీసేసరికి స్వాతి టైర్ల కొట్టు ముందు పాత టైరు మీద కూర్చుని ఉంది. గంటన్నర అయింది.

"మొన్న కూడా కండ్లద్దాలు లేకుండా సూదిలో దారం ఎక్కించినానే," అంది శారదమ్మ. స్వాతి లేచి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

కంటి ఆసుపత్రిలో డాక్టరు రెండు కళ్ళలోనూ శుక్లాలు ఉన్నాయని చెప్పింది. దారం సంగతి విని నవ్వింది. శుక్లం ముదిరేటప్పుడు కొందరికి దగ్గరి చూపు తాత్కాలికంగా బాగుపడ్డట్టు ఉంటుందట, అది చూసి కళ్ళు బాగున్నాయని మోసపోతారట. వెలుగు మాత్రం టీ నీళ్ళలోంచి చూసినట్టు మసకగా, పచ్చగా లోపలికి వెళుతుందని చెప్పింది. ఏళ్ళ తరబడి అద్దాలు లేకుండా నిప్పులోకి చూసినందుకు కోప్పడింది కూడా.

ఆపరేషన్ చేసి కంట్లో కొత్త కటకం పెడతామనగానే శారదమ్మ కుర్చీ ముందుకు జరిపింది.

"ఏ సరుకుతో చేస్తారు దాన్ని?"

"ఒకరకం ప్లాస్టిక్ అమ్మా."

"ప్లాస్టికా! కొలిమి కాడ కరగదు గదా? ఎన్నాళ్ళు మన్నుతాది? మీరు చూపించేదీ లోపల పెట్టేదీ ఒకటేనని నాకెట్లా తెలుస్తాది?"

స్వాతి తల పట్టుకుంది. డాక్టరు మాత్రం ఓపికగా కటకం డబ్బా తెప్పించి, దాని మీది నంబరు చూపించి, ఆపరేషన్ తర్వాత ఇచ్చే కార్డు మీద అదే నంబరు ఉండాలని, సరిచూసుకోమని చెప్పింది. శారదమ్మ ఆ నంబరు చీటీ మీద రాయించుకుని జాకెట్లో పెట్టుకుంది. కుడికంటికి ఆపరేషన్ అయిన మర్నాడు రెండూ పక్కపక్కన పెట్టి కూతురి చేత మూడుసార్లు చదివించుకుంది. తర్వాత ఒక్కో కన్నే మూసి తన గది గోడ వైపు చూసింది. ఎడమకంటికి గోడ పాత కాగితంలా ఉంది. కుడికంటికి అదే గోడ సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. ఇన్నాళ్ళూ గోడకు రంగు మాసిందని ఇంటి యజమానిని తిట్టుకున్న సంగతి గుర్తొచ్చి ఆమెకు సిగ్గేసింది.

నెల దాకా కొలిమి దగ్గరకు పోకూడదన్నారు. ఆమె మూడో వారంలో నల్లద్దాలు పెట్టుకుని భవాని ఆవరణకు వెళ్ళింది. భవాని ఆమెను చూసి తూకం దగ్గర నుంచి కదల్లేదు.

శారదమ్మ దగ్గరికి వెళ్ళి మెల్లిగా అంది, "తప్పు నాదే భవానీ. నా కన్ను చెడింది. నీ సరుకులో లోపం లేదు."

"అన్నప్పుడు అందరి ముందల అన్నవ్. ఇప్పుడు చెవుల జెప్తున్నవా?"

శారదమ్మ చుట్టూ చూసింది. ఆరేడుగురు ఉన్నారు. ఆమె సంచిలోంచి పట్టులా విరిగిన ముక్క తీసి ఎత్తి పట్టుకుని, లారీ కింద పడుకుని బోల్టులు విప్పుతున్నవాడికి కూడా వినబడేంత గట్టిగా చెప్పింది. "ఈమె ఇచ్చిన ఉక్కు మంచిది. నేనే ఎక్కువ కాల్చి చెడగొట్టి ఈమెను దొంగ అన్నా. దొంగతనం ఏమీ జరగలేదు."

భవాని ముక్క అందుకుని చూసింది. "సరే పో అక్కా, నాకు పనుంది," అంది. టీ తెప్పించలేదు. స్టూలు వేయించలేదు.

నెల గడిచాక శారదమ్మ రత్నమాల కత్తుల్లో మిగిలినవాటి అంచులు సానపట్టి గాట్లు తీసేసింది. వాటిని మూడేసి సార్లు కాల్చి గాలికే చల్లార్చి, లోపలి పలుకును సన్నబరచింది. ఆ తర్వాత మళ్ళీ కాల్చి నూనెలో ముంచింది. ఇప్పుడు కొత్త కంటికి రేగిపండు రంగు చక్కగా తెలుస్తోంది. అయినా అయస్కాంతం ఆనించకుండా ఏదీ ముంచలేదు. మొదట ఒక్క కత్తి మాత్రం నల్లగండ్లకు పట్టుకెళ్ళింది. రత్నమాల దాన్ని తన వంటావిడకు ఇచ్చి, ఇరవై రోజులు మిగతా కత్తులతో కలపకుండా వాడించింది. ప్రతి సాయంత్రం అంచు మీద దూది లాగి చూసిందట, ఎక్కడైనా పట్టుకుంటుందేమోనని. ఇరవై ఒకటో రోజు ఫోను చేసి, "మిగిలినవి పంపండి. ఏమీ అనుకోకండి, మళ్ళీ రెండు నెలలు చూస్తానండి," అంది. శారదమ్మ ఏమీ అనుకోలేదు. తనైనా అంతే చేసేది.

శ్రావణమాసంలో ఒక ఉదయం షెడ్డు ముందు స్కూటరు ఆగింది. భవాని. ముందు గోనెసంచిలో చుట్టిన కమాను పట్టీ ఉంది. దింపి దాగలి పక్కన పెట్టింది.

"మా నాయిన తోలిన లారీది," అంది. "ఇరవై ఏండ్లు తోలిండు. ఇన్నేండ్లు ఇప్పబుద్ధి గాక మూలకు పెట్టిన. మొన్న ఇప్పిన. దీనితోటి ఇంట్లకు ఒక కత్తి చేస్తవా?"

"చేస్తా. రేపు మధ్యాహ్నం వచ్చి తీసుకపో."

"లే. ఇడిచిపెట్టి పోను. నువ్వు మార్చినా మార్చుతవ్," అంది భవాని. నవ్వలేదు.

శారదమ్మ పట్టకారు కింద పెట్టింది. తర్వాత లోపలి నుంచి స్టూలు తెచ్చి, కొలిమికి మరీ దగ్గర కాకుండా, పట్టీ కళ్ళకు కనబడే చోట వేసింది. "కూర్చో," అంది.

భవాని రాత్రయ్యే దాకా అక్కడే కూర్చుంది. పట్టీ కోస్తున్నప్పుడు చూసింది, మోటారు సుత్తి కింద సాగుతున్నప్పుడు చూసింది. శారదమ్మ నీళ్ళకు లేచినా ఆమె చూపు పట్టీ మీదే ఉంది. మధ్యాహ్నం ఇద్దరూ స్వాతి పంపిన డబ్బాలోని పులిహోర తిన్నారు. తింటూ భవాని వాళ్ళ నాన్న గురించి చెప్పింది. షోలాపూర్ దారిలో నిద్ర రాకుండా పచ్చిమిరపకాయ కొరికేవాడట. లారీకి ముద్దుపేరు కూడా పెట్టుకున్నాడట గానీ ఆ పేరు మాత్రం చెప్పలేదు.

సాయంత్రం నూనెలో ముంచే ముందు శారదమ్మ గోనెసంచి దించింది. అయస్కాంతం కడ్డీ భవాని చేతికిచ్చింది. "జారిపోతానే చెప్పు."

భవాని రెండు చేతులతో పట్టుకుని ఆనించింది. "అంటుకుంది. అంటుకుంది. ఇగో, జారింది అక్కా."

శారదమ్మ తన కంటితో కూడా చూసి, ముంచింది.

ఓవెన్లో రెండు గంటలు, సానరాయి మీద అరగంట, కర్ర పిడి బిగించడం. కత్తి చిన్నది, కూరగాయలకు సరిపడేది. భవాని బొటనవేలితో అంచు తడిమి, సంచిలో చుట్టి, స్కూటరు ముందు పెట్టుకుంది. కిక్కు కొట్టబోయి ఆగింది.

"మంగళారం ఒక టిప్పర్ వస్తది. పట్టీలు మస్తుగ ఉంటయి. వస్తవా?"

"వస్తా," అంది శారదమ్మ.

"వస్తే పొద్దున్నే రా. నువ్వు గీకుడు షురూ చేస్తే పొద్దుపోతది." స్కూటరు తిప్పుకుని హైవే వైపు వెళ్ళిపోయింది.

వచ్చే నెల శారదమ్మ ఎడమకంటికి కూడా ఆపరేషన్ ఉంది.